గుండెలో మిషన్ ఉన్నవాళ్లకి ఎమ్మారై రాస్తే, బస్సెక్కే ముందు చూసుకోవాల్సినవి

రాజమండ్రిలో ఓ స్కాన్ సెంటర్‌లో ఎమ్మారై మిషన్ దగ్గర పని చేస్తాను. పొద్దున్న ఏడింటికల్లా బెంచీలు నిండిపోతాయి. కోనసీమ నుంచి మొదటి బస్సుకి బయల్దేరినవాళ్లు, కొవ్వూరు వైపు నుంచి బ్రిడ్జి దాటి వచ్చినవాళ్లు, అందరి చేతుల్లోనూ డాక్టర్ రాసిన చీటీ, ఓ బట్టల షాపు కవర్‌లో పాత ఎక్స్‌రేలు. అలాంటి ఓ పొద్దున్న లంక ఊరి పెద్దాయన ఒకాయనకి నడుం స్కాన్. ఫారంలో ఒంట్లో ఏదైనా మిషన్ గానీ, ఇనుప ముక్క గానీ ఉందా అన్నచోట 'లేదు' అని టిక్కు పెట్టి ఉంది. చొక్కా మార్చుకోమంటే అప్పుడు కనపడింది, ఎడమ భుజం ఎముక కింద, చర్మం లోపల అగ్గిపెట్టంత ఉబ్బు.

"ఇదేంటి బాబాయ్ గారూ?"

"ఆయ్, అదాండీ... గుండెకి బ్యాటరీ వేశారండి. ఆరేళ్లయిందండి. దానివల్ల నాకేం ఇబ్బంది లేదండి."

టిక్కు పెట్టింది ఆయన కాదు, వెంట వచ్చిన మనవడు. ఆ కుర్రాణ్ణి అనడానికీ లేదు, తాతకి నొప్పి నడుంలో ఉంటే వీళ్లు గుండె సంగతి ఎందుకు అడుగుతున్నారో వాడికేం తెలుసు. ఆ రోజు స్కాన్ చెయ్యకుండానే పంపించేశాం. మూడు వారాల తర్వాత కాగితాలన్నీ పట్టుకుని వచ్చారు, అదే మిషన్‌లో అదే స్కాన్ ఏ గొడవా లేకుండా అయిపోయింది. అంటే ఆయన గుండెలో ఉన్నది స్కాన్‌కి పనికొచ్చే రకమే, కాకపోతే ఆ మాట రుజువు చేసే కార్డు ఇంట్లో బీరువాలో ఉంది. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, పేస్‌మేకర్, అంటే గుండె లయ తప్పకుండా కొట్టించే ఈ బ్యాటరీ మిషన్, ఉన్నవాళ్ల ఎమ్మారై ముప్పాతిక వంతు ఇంట్లోనే, ఆ బీరువా ముందే అయిపోతుంది. మా గదిలో జరిగేది మిగతా పాతికే.

అసలు భయం దేనికి

ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం. మన వైపు ఎక్కువగా ఉండేవి 1.5 టెస్లా మిషన్లు, కొన్ని చోట్ల 3 టెస్లా. 1.5 టెస్లా అంటే భూమికున్న అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. స్కాన్ అయిపోయినా, రాత్రి మేం తాళాలు వేసుకుని ఇంటికి పోయినా, కరెంటు పోయినా సరే, ద్రవ హీలియంలో చల్లగా కూర్చుని అది లాగుతూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో ఒకాయన బంధువుకి స్కాన్ అని ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్తే సిలిండర్‌తో సహా మిషన్ ఆయన్ని లాగేసుకుంది, ప్రాణం పోయింది. ఆయన పేషెంటు కాదు, తోడు వచ్చిన మనిషి. అందుకే గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంకొకరికి తోడుగా వచ్చినా సరే మాగ్నెట్ గది గుమ్మం తొక్కకూడదు, "నాకు స్కాన్ కాదు కదండీ" అంటే కుదరదు.

ఇక పేస్‌మేకర్‌కి ఏమవుతుందంటే, లాగేయడం ఒక్కటే కాదు, నిజానికి ఈ రోజుల్లో అది చిన్న భయమే. స్కాన్ జరిగేటప్పుడు మిషన్ రేడియో తరంగాలు పంపిస్తుంది. పేస్‌మేకర్ నుంచి గుండెలోకి వెళ్లే వైరు ఆ తరంగాలకి ఏంటెనాలా పనిచేసి, గుండె కండకి తగిలే కొస దగ్గర వేడెక్కొచ్చు. రెండోది, మిషన్‌లోంచి వచ్చే విద్యుత్ అలజడిని పేస్‌మేకర్ గుండె చప్పుడే అనుకుని "ఓహో, గుండె బానే కొట్టుకుంటోంది" అని తన పని ఆపేయొచ్చు. పూర్తిగా దాని మీదే ఆధారపడ్డ మనిషికి అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. షాక్ ఇచ్చే మిషన్, అంటే ఐసీడీ అయితే అదే అలజడిని గుండె అదుపు తప్పిందని పొరపాటు పడి అనవసరంగా షాక్ కొట్టొచ్చు. ఒక్కోసారి సెట్టింగులు మొత్తం రీసెట్ అయిపోవచ్చు. ఇవన్నీ జరుగుతాయని కాదు, జరగకుండా చూడటానికే ఈ తతంగమంతా.

ఇక్కడ ఓ చిన్న పక్క దారి. "గుండె ఆపరేషన్ అయిందండి" అని చెప్పి ఊరుకోకండి, ఏ ఆపరేషనో చెప్పండి. స్టెంట్ వేరు, పేస్‌మేకర్ వేరు. స్టెంట్ వేయించుకున్నవాళ్లు చాలామంది ఎమ్మారై పేరు చెప్తే హడలిపోతారు గానీ, ఇప్పటి స్టెంట్లకి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. బైపాస్‌లో రొమ్ము ఎముకకి వేసిన తీగలకీ అంతే, కృత్రిమ వాల్వులకీ చాలా మటుకు అంతే. మీ కాగితాలు చూసి మేం చెప్తాం. ఈ రాతంతా బ్యాటరీ ఉన్న మిషన్ల గురించి: పేస్‌మేకర్, ఐసీడీ, గుండె రెండు వైపులా ఒకేసారి కొట్టుకునేలా చేసే సీఆర్టీ. గుండె లయని రికార్డు చేయడానికి చర్మం కింద పెట్టే చిన్న లూప్ రికార్డర్ ఉన్నవాళ్లు కూడా చెప్పాలి, అందులో దాచుకున్న రికార్డింగ్‌ని స్కాన్‌కి ముందే దింపుకోవాలి, లేకపోతే స్కాన్ రొద దాని మీద పడుతుంది.

మొదట అడగాల్సిన మాట

ఎమ్మారై రాసింది ఎముకల డాక్టరో, నరాల డాక్టరో అయ్యుంటారు. ఆయనకి మీ గుండెలో మిషన్ ఉన్న సంగతి తెలుసా? ఓపీలో మూడు నిమిషాల్లో అయిపోయే మాటల్లో చాలాసార్లు ఇది జారిపోతుంది. కాబట్టి చీటీ చేతికి రాగానే, "సార్, నాకు పేస్‌మేకర్ ఉంది, సీటీతో పని జరుగుతుందా?" అని అడిగేయండి. కొన్నిటికి సీటీ చాలు, కొన్నిటికి అల్ట్రాసౌండ్ చాలు. వెన్నుపాము, మెదడులో గడ్డ లాంటివాటికి ఎమ్మారైకి సాటి లేదు, అప్పుడు ఈ శ్రమ పడాల్సిందే.

పక్షవాతం అనుమానం అయితే మాత్రం ఇదేదీ వెతుక్కుంటూ కూర్చోవద్దు. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి పడిపోయినా ముందు ఆసుపత్రికి పరిగెత్తాలి, అక్కడ మొదట తీసేది ఎలాగూ సీటీయే. కార్డు తర్వాత ఎవరో ఒకరు తెస్తారు.

కార్డు ఎక్కడుంది

పేస్‌మేకర్ వేసి ఇంటికి పంపేటప్పుడు ఏటీఎం కార్డంత కార్డు ఒకటి ఇస్తారు. దాని మీద కంపెనీ పేరు, మిషన్ మోడల్ నంబరు, సీరియల్ నంబరు, వేసిన తేదీ, వైర్ల మోడల్ నంబర్లు ఉంటాయి. ఆరోగ్యశ్రీలో వేయించుకున్నవాళ్లయినా, సొంత డబ్బుతో వేయించుకున్నవాళ్లయినా ఇది ఉండాల్సిందే. అది పొలం పాసు పుస్తకాల మధ్య ఉంటుంది, దేవుడి పటం వెనక ఉంటుంది, కూతురు అత్తారింటికి వెళ్తూ తీసుకెళ్లిన సూట్‌కేసులో కూడా ఉంటుంది, ఇది నేను కళ్లారా చూసింది. 2022 జూలై వరదలో ఇల్లు మునిగి కార్డు నాని చెరిగిపోయిన ఓ అమ్మగారు వచ్చారు, మోడల్ నంబరులో చివరి రెండంకెలు ఎంత గింజుకున్నా కనపడలేదు. మరి ఆ రెండంకెల మీదే కథంతా ఉంటుంది. అందుకని ఇది చదువుతున్నవాళ్లు ఇప్పుడే లేచి కార్డు ముందూ వెనకా ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. స్కాన్ ఉన్నా లేకపోయినా.

కార్డు లేదు, పోయింది, ఎప్పుడూ ఇవ్వనే లేదు అంటే కంగారు పడకండి. డిశ్చార్జి కాగితాల్లో చూడండి, చాలా చోట్ల మిషన్ డబ్బా మీది స్టిక్కర్లే తీసి అందులో అతికిస్తారు. అదీ లేకపోతే వేసిన ఆసుపత్రికి వెళ్లి పాత రికార్డు అడగాలి, తేదీ గుర్తు లేకపోయినా ఏ ఏడాదో చెప్పగలిగితే దొరుకుతుంది. కంపెనీ పేరు తెలిస్తే కంపెనీ వాళ్ల దగ్గర సీరియల్ నంబరుతో సహా ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రేలో కూడా మిషన్ మీద కంపెనీ గుర్తు కనపడుతుంది, ఎన్ని వైర్లున్నాయో, అవి ఎలా వెళ్లాయో కనపడుతుంది. కార్డియాలజిస్టు దగ్గర ప్రోగ్రామర్ అనే లాప్‌టాప్ లాంటి మిషన్ పెట్టి చూస్తే మోడల్ దానంతటదే వస్తుంది, వైర్ల వివరాలు మాత్రం వేసినప్పుడు ఎవరైనా అందులో ఎక్కించి ఉంటేనే.

కొత్త మోటారు, పాత వైరు

కార్డు దొరికింది, దాని మీద ఎమ్మారై అనే మూడక్షరాలు కూడా కనపడ్డాయి, ఇక బండి కట్టేద్దాం అనుకుంటారు. ఆగండి. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

ఇలాంటి మిషన్లని కంపెనీలు 'షరతుల మీద' స్కాన్‌కి పనికొస్తాయని చెప్తాయి, అంటే ఫలానా టెస్లాలో, ఫలానా సెట్టింగులో, ఫలానా వైర్లతో ఉంటేనే అని. మెడ్‌ట్రానిక్ వాళ్లు ష్యూర్‌స్కాన్ అంటారు, బయోట్రానిక్ వాళ్లు ప్రోఎమ్మారై అంటారు, బోస్టన్ సైంటిఫిక్ వాళ్లు ఇమేజ్‌రెడీ అంటారు, పేర్లే తేడా. ఆ షరతు డబ్బాకి, అంటే ఛాతీలో పెట్టే బ్యాటరీ మిషన్‌కి, ఒక్కదానికే కాదు, డబ్బా, వైర్లు కలిపిన మొత్తానికి. భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్లకి చెప్తే ఠక్కున అర్థమవుతుంది: చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్‌కి కొత్త మోటారు బిగించి గట్టు మీద పాత వైరే ఉంచేస్తే, కొత్త మోటారు గ్యారంటీ కార్డు చూపించి ఏం లాభం, కాలేది వైరే కదా. గుండెలోనూ అంతే. 2007లో పేస్‌మేకర్ వేశారనుకోండి, 2017లో బ్యాటరీ అయిపోతే డబ్బా ఒక్కటే మార్చి పాత వైర్లకే తగిలిస్తారు, ఎందుకంటే బాగున్న వైర్లని పీకడం పెద్ద పని, ప్రమాదం కూడా. ఇప్పుడు ఆయన కార్డు మీద కొత్త డబ్బా పేరు మెరుస్తూ ఉంటుంది, వైర్లు మాత్రం 2007వి. అది చాలాసార్లు షరతుల లెక్కలోకి రాదు, ఆ పాత వైరు మోడల్‌కి కూడా తర్వాత అనుమతి వచ్చి ఉంటే తప్ప. డబ్బా ఒక కంపెనీది, వైరు ఇంకో కంపెనీది అయినా సాధారణంగా రాదు.

అలాగే వాడకుండా లోపలే వదిలేసిన పాత వైరు ఉన్నా, వైరు ఎక్కడైనా విరిగినా, మధ్యలో అతుకు ముక్క వేసి పొడుగు చేసినా, ఛాతీ తెరిచి గుండె పైన కుట్టిన వైర్లు అయినా లెక్క మారిపోతుంది. అందుకే మేం కొత్తగా తీసిన ఛాతీ ఎక్స్‌రే అడుగుతాం. మోకాలి స్కాన్‌కి ఛాతీ ఎక్స్‌రే ఎందుకని కొట్లాడతారు కొందరు, ఇందుకే.

అమెరికాలో ఎమ్మారైకి పనికొచ్చే పేస్‌మేకర్‌కి మొదటిసారి అనుమతి వచ్చింది 2011 ఫిబ్రవరిలో, షాక్ ఇచ్చే ఐసీడీకి 2015లో. కాబట్టి అంతకంటే ముందు వేసినదైతే పాత రకం అయ్యే అవకాశమే ఎక్కువ. తర్వాత వేసినదైతే కొత్త రకమేనా అంటే, అదీ చెప్పలేం, పనికిరాని మోడళ్లు కూడా వేస్తూనే వచ్చారు. తేదీ చూసి కాదు, నంబరు చూసి చెప్పాలి. వైరు లేకుండా గుండె లోపలే కూర్చునే మైక్రా లాంటి చిన్న పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఈ వైర్ల గొడవ లేదు, అయినా కార్డు కావాల్సిందే.

పాత రకమని తేలితే

"ఇక జన్మలో ఎమ్మారై లేదు" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మేయొద్దు. 2017లో అమెరికాలో మాగ్నాసేఫ్ అనే అధ్యయనం బయటికి వచ్చింది. ఎమ్మారైకి పనికిరావని ముద్ర పడ్డ పేస్‌మేకర్లతో 1,000, ఐసీడీలతో 500 స్కాన్లు 1.5 టెస్లా మిషన్‌లో చేశారు, ఛాతీ తప్ప మిగతా భాగాలకి. ముందు చెక్ చేసి, సెట్టింగ్ మార్చి, పక్కనే మనిషిని పెట్టుకుని చేస్తే స్కాన్ సమయంలో ఒక్క ప్రాణమూ పోలేదు, ఒక్క వైరూ చెడలేదు. ఒకే ఒక్క ఐసీడీని మాత్రం మార్చాల్సి వచ్చింది, దాని సెట్టింగ్ స్కాన్‌కి ముందు నియమం ప్రకారం మార్చలేదు. కొందరికి కాసేపు గుండె లయ తప్పి మళ్లీ దానంతటదే సర్దుకుంది, కొన్ని మిషన్లలో సెట్టింగులు కొంత రీసెట్ అయ్యాయి.

దీన్ని చదివి "చూశారా, ఏం కాదంట" అని నా దగ్గరికి రాకండి. వదిలేసిన వైర్లున్నవాళ్లని ఆ లెక్కలో చేర్చుకోనే లేదు, పూర్తిగా మిషన్ మీదే గుండె కొట్టుకునే ఐసీడీ పేషెంట్లనీ చేర్చుకోలేదు. మా లాంటి మామూలు సెంటర్ పాత రకాన్ని ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. ఇది కార్డియాలజీ, రేడియాలజీ ఒకే చోట ఉన్న పెద్ద ఆసుపత్రిలో, స్కాన్ వల్ల లాభం ఎంత, ప్రమాదం ఎంత అని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని, మీ చేత సంతకం పెట్టించుకుని చేసే పని. మీ కార్డియాలజిస్టుని అలాంటి చోటికి రాసివ్వమని అడగండి. మీరు చెయ్యగలిగింది అదే, అది చెయ్యండి.

కార్డియాలజిస్టు దగ్గర

స్కాన్‌కి వారం పది రోజుల ముందే ఒకసారి మిషన్ చెక్ చేయించుకోవాలి. బ్యాటరీ ఎంతుంది, వైర్లు సరిగా పనిచేస్తున్నాయా, మీ గుండె తనంతట తను ఎంత కొట్టుకుంటోంది, ఎంత భాగం మిషన్ మీద నడుస్తోంది అన్నవి చూస్తారు. బ్యాటరీ మార్చే దశకి వచ్చేస్తే స్కాన్ ఆపి ముందు అది మార్చమంటారు. కొత్తగా వైర్లు వేయించుకున్నవాళ్లని మామూలుగా ఆరు వారాలు ఆగమంటారు, వైరు కొస గుండెకి గట్టిగా పట్టుకోవాలి కాబట్టి. ఈ చెకప్ అయ్యాక "ఫలానా మోడల్, ఫలానా వైర్లు, 1.5 టెస్లాలో స్కాన్ చెయ్యొచ్చు, స్కాన్‌లో ఫలానా మోడ్‌లో పెట్టాలి" అని కాగితం మీద రాయించుకోండి. నోటి మాట మా దగ్గర చెల్లదు. "డాక్టర్ గారు చెయ్యొచ్చన్నారండి" అంటారు, ఏ డాక్టర్ గారు, ఏం చూసి అన్నారు, మాకెలా తెలుస్తుంది చెప్పండి.

ఫోన్ చేసి అడగండి

అన్ని సెంటర్లూ పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి చెయ్యవు. ముందే ఫోన్ చేసి, రిసెప్షన్‌లో అమ్మాయితో కాకుండా టెక్నీషియన్‌తో గానీ రేడియాలజిస్టుతో గానీ మాట్లాడతానని చెప్పండి. మీ దగ్గర ఉన్నది ఎన్ని టెస్లాల మిషన్, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఇంతకు ముందు చేశారా, స్కాన్ జరుగుతుంటే ఈసీజీ చూస్తూ డాక్టర్ ఎవరైనా ఉంటారా, గుండె ఆగితే పైనుంచి షాక్ ఇచ్చే మిషన్ గది బయట సిద్ధంగా ఉంటుందా అని అడగండి. మీరు అడిగితే మాకేం కోపం రాదు, ఇన్ని సంగతులు తెలుసుకుని వచ్చిన పేషెంటుని చూస్తే మాకు సగం టెన్షన్ తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: ప్రోగ్రామర్ ఎవరు తెస్తారు? ఒక కంపెనీ ప్రోగ్రామర్ ఇంకో కంపెనీ మిషన్‌కి పనిచెయ్యదు. కంపెనీ కుర్రాడు ఏ విశాఖపట్నం నుంచో విజయవాడ నుంచో రావాలి, ఆ రోజు అతనికి ఇంకో ఆసుపత్రిలో కేసు ఉండొచ్చు. కాబట్టి ముందు అతని డేటు, తర్వాత డాక్టర్ డేటు, ఆఖర్న మా స్లాటు. దీన్ని తిరగేసి మా స్లాటు ముందు బుక్ చేసుకుని రావులపాలెం దాటాక కంపెనీ వాళ్లకి ఫోన్ చేసినవాళ్లున్నారు.

ఆ రోజు

ఫైలు మొత్తం తేవాలి, కార్డు అసలుదే తేవాలి. రోజూ వేసుకునే మందులు మానొద్దు, మానమని డాక్టర్ చెప్తే తప్ప. ఇంజక్షన్ ఇచ్చి తీసే స్కాన్ అయితే కిడ్నీ పరీక్ష రిపోర్టు అడుగుతాం, తినాలా వద్దా అన్నది ఫోన్‌లోనే అడిగేయండి. జ్వరం ఉంటే ముందే చెప్పండి, వేరే రోజుకి మార్చడం మేలు.

ఇక ఒంటి మీద ఉన్నవి. మగవాళ్లలో అందరూ మర్చిపోయేది మొలతాడు. దానికి వెండి బిళ్ల ఉంటుంది, తాయెత్తు ఉంటుంది, బీరువా తాళం చెవి కూడా ఉంటుంది. "అది తియ్యకూడదండి" అంటారు, నూలుదైతే ఉండనిస్తాం గానీ లోహం ఉంటే తీయాల్సిందే. ఆడవాళ్లకి జడపిన్నులు, మెట్టెలు, పట్టీలు, అన్నిటికీ మించి పిన్నీసులు. మంగళసూత్రానికి నాలుగు పిన్నీసులు తగిలించుకోవడం మన వైపు పెద్దవాళ్ల అలవాటు, అవసరానికి పనికొస్తాయని. ఆ పిన్నీసులు ఇనుము, మాగ్నెట్ ముందు అవి బాణాలే. సూత్రాలు బంగారమే అయినా తీయమంటాం. బంగారాన్ని మాగ్నెట్ లాగదు గానీ, అది వేడెక్కొచ్చు, మెడా ఛాతీ బొమ్మలు పాడవుతాయి, పైగా గొలుసు కొక్కెంలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు. అక్కడ నిలబెట్టి తీయమంటే పెద్దావిడ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అందుకే ఇంటి దగ్గరే పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టుకుని రండి. మా దగ్గరికి వచ్చే అత్తమ్మలకి ఇది చెప్తే ఆ మొహంలో ఎంత నిశ్చింతో. కట్టుడు పళ్లు, చెవి మిషన్, ఒంటికి అంటించుకున్న మందు పట్టీలు, ఇవి కూడా చెప్పాలి, కొన్ని పట్టీల వెనక సన్న లోహపు రేకు ఉండి చర్మం కాలుతుంది.

కాలులో రాడ్డు, చెవిలో ఇంప్లాంటు, ఎప్పుడో కంట్లో పడ్డ ఇనుప రజను, అన్నీ చెప్పండి. వెల్డింగ్ పని చేసినవాళ్లయితే మరీను. ఫారం మీరే నింపండి, మనవడికి ఇవ్వొద్దు.

లోపల ఎలా ఉంటుంది

మాగ్నెట్ గది బయటే మంచం మీద పడుకోబెడతారు. కంపెనీ కుర్రాడు ప్రోగ్రామర్ తెరిచి, మౌస్ లాంటి ఓ ముక్కని మీ ఛాతీ ఉబ్బు మీద ఆనిస్తాడు, కొన్ని మోడళ్లకి అదీ అక్కర్లేదు. ముందు ఇప్పుడున్న సెట్టింగులన్నీ ప్రింటు తీసుకుంటాడు. తర్వాత ఎమ్మారై మోడ్‌లో పెడతారు. గుండె పూర్తిగా మిషన్ మీదే ఆధారపడి ఉంటే, బయటి అలజడిని పట్టించుకోకుండా ఒకే వేగంతో కొడుతూ ఉండేలా పెడతారు. అప్పుడు గుండె మామూలు కంటే కాస్త వడిగా కొట్టుకుంటున్నట్టు అనిపించొచ్చు, భయపడొద్దు. గుండె సొంతంగా బానే కొట్టుకుంటుంటే కొట్టే పనే కాసేపు ఆపేస్తారు. ఐసీడీ అయితే షాక్ కొట్టే పని ఆపేస్తారు. అలా ఆపిన క్షణం నుంచి మళ్లీ ఆన్ చేసేదాకా ఆ మనిషి ఈసీజీ మానిటర్ మీదే ఉండాలి, బయట షాక్ మిషన్ పక్కనే ఉండాలి. ఆపేశాక "వరస ఉంది, కాసేపు బెంచీ మీద కూర్చోండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, గొడవ పడండి.

లోపల డప్పులు కొట్టినట్టు చప్పుడు, చెవులకి దూది గానీ హెడ్‌ఫోన్ గానీ పెడతాం. వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ఛాతీకి ఈసీజీ. ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట పట్టొచ్చు. చేతిలో రబ్బరు బుడ్డి ఒకటి ఇస్తాం, నొక్కితే మాకు వినపడుతుంది. పేస్‌మేకర్ ఉన్నచోట వెచ్చగా, లాగుతున్నట్టుగా అనిపించినా, కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా వెంటనే నొక్కండి. "వాళ్లకి ఇబ్బంది ఎందుకులే, ఇంకో అయిదు నిమిషాలేగా" అని పళ్లు బిగబట్టేవాళ్లు గోదావరి జిల్లాల్లో మరీ ఎక్కువ, మర్యాద కొంపలు ముంచుతుంది. ఏదైనా తేడా వస్తే మేం ముందు మిమ్మల్ని మంచంతో సహా బయటికి లాగేస్తాం, వైద్యం బయటే, ఎందుకంటే షాక్ మిషన్ ఆ గదిలోకి రాకూడదు.

స్కాన్ అయింది, పని అవలేదు

ఇది మా దగ్గర జరిగిందే. ఐసీడీ ఉన్న ఓ అక్కగారికి మెడ స్కాన్. చక్కగా అయింది. అమలాపురం వైపు ఆఖరి బస్సు పోతుందని వాళ్ల తమ్ముడు తొందరపెడుతున్నాడు. మా కుర్రాడు మానిటర్ తీగలు పీకేశాడు, కంపెనీ కుర్రాడు ఫోన్ మాట్లాడుతూ వరండాలోకి వెళ్లాడు. నేను తర్వాతి పేషెంటుని ఎక్కిస్తూ కిటికీలోంచి చూస్తే వాళ్లు ఆటో ఎక్కుతున్నారు, ప్రోగ్రామర్ తెర మీద ఇంకా ఎమ్మారై మోడ్ అనే ఉంది. అంటే ఆవిడ గుండె దారిలో అదుపు తప్పితే కాపాడాల్సిన మిషన్ ఒంట్లోనే ఉండి, నిద్రపోతోంది. చెప్పులు లేకుండా గేటు దాకా పరిగెత్తాను. వెనక్కి తెచ్చి పడుకోబెట్టి ఆన్ చేసి, మళ్లీ వైర్లన్నీ చెక్ చేయడానికి పట్టింది పది నిమిషాలు.

తప్పు మాదే. అప్పటి నుంచి ఫైలూ కార్డూ మా టేబుల్ దగ్గరే పెట్టుకుంటున్నాం, స్కాన్ తర్వాతి ప్రింటు వచ్చాకే చేతికిస్తాం. వేరే చోట ఇలా చెయ్యకపోవచ్చు, కాబట్టి మీరే అడగండి: "మళ్లీ మామూలు సెట్టింగ్‌లో పెట్టారా? షాక్ ఆన్ అయిందా? ప్రింటు చూపించండి." కొన్ని మోడళ్లు టైం అయ్యాక వాటంతటవే మామూలుకి వస్తాయి, అయినా సరే చూసుకునే కదలాలి. బస్సు పోతే రావులపాలెం దాకా ఇంకేదో దొరుకుతుంది. ఆ తర్వాత కొన్నాళ్లు కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఛాతీ దగ్గర ఏదైనా కొత్తగా అనిపించడం లాంటివి ఉంటే తర్వాతి చెకప్ దాకా ఆగకండి.

స్కాన్‌కి ముందు తీసిన ప్రింటు, తర్వాత తీసిన ప్రింటు రెండూ అడిగి తీసుకోండి, ఇంకోసారి ఎమ్మారై రాస్తే పని సగం తగ్గుతుంది. ఆ కాగితం మాత్రం బస్సు టికెట్ లాంటి కాగితం, మన ఎండలకి బీరువాలో ఉన్నా రెండేళ్లలో అక్షరాలు మాయమై తెల్లబోతుంది. ఇంటికి వెళ్లే దారిలోనే జిరాక్స్ తీయించి, కార్డుతో పాటు ఒకే కవర్లో పెట్టండి, కవరు అటక మీద పెట్టండి, వరద వచ్చినా అందకుండా.